నిన్నటి చరిత్రకూ తవ్వకాల శాస్త్రం కావాలి

పురావస్తు శాస్త్రం అనగానే హరప్పా, నాగార్జునకొండ గుర్తుకొస్తాయి. నూటయాభై ఏళ్ల నాటి సంగతులకు కాగితాలున్నాయి కదా, తవ్వకాలెందుకు అనుకునేవారే ఎక్కువ. పంజాబ్‌లోని అజ్నాలా బావి ఆ ఆలోచనను మార్చుకోమంటోంది.

2014లో ఆ పాత బావిలో పెద్ద సంఖ్యలో మానవ అస్థికలు బయటపడ్డాయి. అవి 1857 తిరుగుబాటు సిపాయిలవని కొందరు, 1947 దేశ విభజన అల్లర్ల మృతులవని మరికొందరు వాదించారు. చివరకు పళ్లు సాక్ష్యం చెప్పాయి. బాల్యంలో తాగిన నీటి ఆనవాళ్లు పంటి ఎనామెల్‌లో ఆక్సిజన్ ఐసోటోపుల రూపంలో నిలిచిపోతాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ సహా పలు సంస్థల శాస్త్రవేత్తలు 50 నమూనాల్లో డీఎన్‌ఏను, 85 నమూనాల్లో ఐసోటోపులను పరిశీలించారు. మృతులు పంజాబ్‌వారు కాదు, గంగా మైదానం వారని 2022లో తేల్చారు. 26వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫంట్రీ సిపాయిలను చంపి బావిలో పడేశారన్న నాటి బ్రిటిష్ అధికారి రాతకు ఇది సరిపోయింది.

అయితే ఆ తవ్వకం శాస్త్రీయంగా జరగలేదు. ఎముకలు విరిగి, ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. తవ్వేటప్పుడు చెరిగిపోయిన ఆధారాన్ని ఏ ప్రయోగశాలా తిరిగి తేలేదు. అందుకే ఇటీవలి గతపు ఆనవాళ్లు దొరికినా, పలుగు పట్టేముందు పురావస్తు నిపుణులను పిలవాలి. పేరైనా మిగలని మృతులకు అది కనీస గౌరవం.