పచ్చిపాల మోజు, అడగని ప్రశ్నలు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి నగరాల్లో గాజు సీసాల పాలకు గిరాకీ పెరిగింది. తెల్లవారకముందే గుమ్మం ముందు పెట్టి వెళ్లే ఆ సీసా కోసం ప్యాకెట్ పాల కంటే చాలా ఎక్కువ ధర పెట్టడానికి జనం వెనుకాడటం లేదు. ఫలానా పొలంలో మేసిన ఆవు నుంచి, యంత్రాల్లో పడకుండా నేరుగా వచ్చిన పాలన్నది అమ్మేవారి మాట. కల్తీ వార్తలతో బెంబేలెత్తిన తల్లిదండ్రులు నమ్మకమైన పాల కోసం నాలుగు డబ్బులు ఎక్కువ పెడితే తప్పుపట్టలేం. తప్పుపట్టాల్సింది ఆ సీసా వెంట వస్తున్న సలహాను. పాలు కాచకండి, కాస్తే జీవం పోతుంది, పచ్చిగా తాగితేనే పిల్లలకు బలం అని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. పసిపిల్లలున్న ఇళ్లలో ఈ సలహా చేసే చేటు అంతా ఇంతా కాదు.

ఈ వాదానికి బలం వచ్చింది అమెరికాలో. అక్కడ పాలు పాశ్చరైజ్ అయి, చల్లగా దుకాణానికి చేరతాయి. కొన్నవారు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే తాగేస్తారు. ఇంట్లో మరోసారి కాచే అలవాటు లేదు కాబట్టి డెయిరీలో తగిలే వేడి ఒక్కటే వారికి రక్షణ. అందుకే అక్కడి ఆహార, ఔషధ సంస్థ రాష్ట్రాల సరిహద్దు దాటించి పచ్చిపాలు అమ్మడాన్ని 1987లో నిషేధించింది. రాష్ట్రం లోపలి అమ్మకం ఆయా రాష్ట్రాల చట్టాల మీద ఆధారపడి ఉంటుంది. మా తిండిలో ప్రభుత్వం జోక్యమేమిటన్న రాజకీయం పచ్చిపాలకు తోడైంది. 2025లో ఆరోగ్య మంత్రి అయిన రాబర్ట్ కెనెడీ జూనియర్ కూడా పచ్చిపాల సమర్థకుడే.

మన ఇళ్ల సంగతి వేరు. పాలు రాగానే పొయ్యెక్కించడం మనకు చెప్పక్కర్లేని పని. పల్లెల్లో దాలి ఉండేది. వసారాలో ఓ మూల గుంతలో పిడకలు పేర్చి, సన్నటి సెగ మీద మట్టికుండలో పాలు పొద్దున పెడితే సాయంత్రం దాకా కాగుతూనే ఉండేవి. పాలు ఎర్రబారి, పైన మందంగా మీగడ కట్టేది. సూక్ష్మజీవి అన్న మాటే వినని అవ్వలు కూడా కాచని పాలు పిల్లల నోటికి అందించడానికి ఒప్పుకునేవారు కాదు. సంప్రదాయం పేరు చెప్పి పచ్చిపాలు అమ్మేవారు ఈ సంప్రదాయాన్నే పక్కకు నెడుతున్నారు. పాలు పితికిన వెంటనే, నురగ తగ్గకముందే గుమ్మపాలు తాగే అలవాటూ మనకుంది, కాదనలేం. అంత తాజా పాలకు దోషమేముంటుందని అనిపించడం సహజం. దీనికి జవాబు మాల్టా చరిత్రలో దొరుకుతుంది.

మధ్యధరా సముద్రంలోని ఆ చిన్న ద్వీపంలో బ్రిటిష్ సైనికులు ఏళ్ల తరబడి అంతుపట్టని జ్వరంతో మంచాన పడేవారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. రాత్రి చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులతో నెలలు గడిచేవి. 1887లో సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ ఈ జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహంలో రోగక్రిమిని పట్టుకున్నారు. అది ఒంట్లోకి ఎటునుంచి వస్తోందో తేలడానికి మరో 18 ఏళ్లు పట్టింది. 1905లో మాల్టా వైద్యుడు థెమిస్టోక్లిస్ జమిత్ మేకల రక్తం పరీక్షించి అసలు గుట్టు విప్పారు. పైకి నిగనిగలాడుతూ, కుండల కొద్దీ పాలిచ్చే మేకలే ఆ క్రిమిని మోస్తున్నాయి. అక్కడ మేకలను వీధుల్లోకి తోలుకొచ్చి, అడిగినవారి గుమ్మం ముందే పితికి పోసేవారు. అంతకన్నా తాజా పాలు ఎక్కడుంటాయి? అదే ఏడాది మాల్టా మేకలను అమెరికాకు తీసుకెళ్తున్న ఓడలో ఆ పాలు తాగిన సిబ్బందిలో చాలామందికి జ్వరం పట్టుకుంది. 1906లో సైనికులకు మేకపాలు ఆపేశారు. దండులో జ్వరం ఒక్కసారిగా పడిపోయింది.

ఆ జబ్బే బ్రుసెల్లోసిస్. మన పాడిరైతులు ఈసుడు రోగం అంటారు. చూడి గేదె చివరి నెలల్లో ఈసుకుపోతే దీన్నే ముందుగా అనుమానించాలి. మనుషులకు సోకినప్పుడు టైఫాయిడ్ అనో, క్షయ అనో పొరబడి వారాలు గడిచిపోతుంటాయి. తేలాక కూడా కనీసం ఆరు వారాలు రెండు రకాల యాంటీబయాటిక్స్ వాడాల్సి వస్తుంది. గాలికుంటుతో పాటు ఈ రోగాన్నీ అదుపు చేయడానికి కేంద్రం 2019లో 13,343 కోట్ల రూపాయలతో కార్యక్రమం చేపట్టింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకు టీకా వేయడం అందులో భాగం. మన మందల్లో ఆ క్రిమి లేకుంటే ఇంత ఖర్చు అవసరమయ్యేది కాదు.

ఇక వేడి వల్ల ఏం పోతుందో చూద్దాం. పాశ్చరైజేషన్ అంటే పాలను 63 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లార్చడం. బ్రుసెల్లా, క్షయ క్రిమి, సాల్మొనెల్లా, లిస్టీరియా ఆ వేడికి చస్తాయి. కాల్షియం చెక్కుచెదరదు. ప్రొటీన్ పోషక విలువ దాదాపు అలాగే ఉంటుంది. సి విటమిన్, కొన్ని బి విటమిన్లు కొంత తగ్గుతాయి. సి విటమిన్ కోసం ఎవరూ పాల మీద ఆధారపడరు, జామకాయ చాలు. కొన్ని ఎంజైములు పోతాయన్న మాట నిజమే కానీ పాలు అరగడానికి అవి అక్కర్లేదు. పాలు పడనివారికి పచ్చిపాలు పడతాయన్న ప్రచారానికీ ఆధారం లేదు. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైము పచ్చిపాలలోనూ ఉండదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో చిన్న ప్రయోగం చేసి చూస్తే లాక్టోజ్ అరగని విషయంలో పచ్చిపాల వల్ల ఒరిగిందేమీ కనబడలేదు.

పచ్చిపాల పక్షాన గట్టిగా నిలబడే వాదం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పల్లెల్లో పిల్లల మీద జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. పచ్చిపాలు తాగే పిల్లల్లో ఆస్తమా తక్కువగా కనిపించింది, కాచిన పాలతో ఆ తేడా కనిపించలేదు. పాల తేటలోని కొన్ని ప్రొటీన్లకు ఇందులో పాత్ర ఉండవచ్చని పరిశోధకులు భావించారు. కానీ ఆ పిల్లలు పల్లె వాతావరణంలో పెరిగినవారు. ఈ ఫలితాన్ని అపార్ట్‌మెంట్ పిల్లలకు అన్వయించడం కష్టం. రోగక్రిముల ముప్పు దృష్ట్యా పచ్చిపాలు తాగండని ఆ పరిశోధకులు కూడా చెప్పలేదు.

ఆ ముప్పు ఎంతటిదో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్క చెబుతుంది. 1998 నుంచి 2018 వరకు పచ్చిపాల వల్ల 202 సార్లు జబ్బులు ప్రబలాయి. 2,645 మంది బాధితుల్లో 228 మంది ఆస్పత్రిపాలయ్యారు, ముగ్గురు చనిపోయారు. కొన్ని రకాల ఈ-కోలి క్రిములు పసివారి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. 2024లో అమెరికా పాడిపశువుల్లో బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడింది. ఆ ఏడాది చివర్లో కాలిఫోర్నియాలో అమ్మకానికి పెట్టిన పచ్చిపాలలోనే అది కనిపించడంతో సరుకు వెనక్కి తెప్పించారు. అయితే డెయిరీలో నిర్లక్ష్యం జరిగితే పాశ్చరైజ్ చేసిన పాలు కూడా కాపాడలేవు. 1985లో షికాగో ప్రాంతంలో అలాంటి పాల వల్లే 16 వేల మందికి పైగా సాల్మొనెల్లా సోకినట్టు తేలింది.

అసలు చర్చ ఇక్కడి నుంచి మొదలవ్వాలి. వేడికి లొంగనివీ పాలలో ఉంటాయి. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 నమూనాలు తీసి పరీక్షించింది. జనం భయపడుతున్న కల్తీ దొరికింది 12 నమూనాల్లోనే. అందులో తొమ్మిది తెలంగాణవి కావడం ఇక్కడి అధికారులు తీవ్రంగా తీసుకోవాల్సిన విషయం. అంతకన్నా పెద్ద సమస్య అఫ్లటాక్సిన్. 368 నమూనాల్లో అది పరిమితి దాటింది. బూజు పట్టిన వేరుశనగ చెక్క, పత్తి చెక్క, తడిసిన మొక్కజొన్న తిన్న పశువు పాలలోకి దిగే విషం అది. 77 నమూనాల్లో యాంటీబయాటిక్ అవశేషాలు తేలాయి. పొదుగువాపుకు సూది వేసిన తర్వాత మందు మీద రాసిన గడువు దాకా ఆ పాలు అమ్మకూడదు. రోజుకు ఐదారు లీటర్లు పారబోయమంటే రెండు గేదెలున్న రైతు ఎలా తట్టుకుంటాడు? ఈ నష్టానికి ఎవరూ పరిహారం ఇవ్వరు. ఈ పాలను సీసాలో పోసినా, ప్యాకెట్‌లో పోసినా, గంటసేపు కాచినా అఫ్లటాక్సిన్, మందు అవశేషాలు పూర్తిగా పోవు.

పాలకేంద్రం దగ్గర ఓ ఉదయం నిలబడి చూస్తే మన వ్యవస్థ దేనికి విలువ ఇస్తోందో అర్థమవుతుంది. ఓ క్యానులో పాలు పితికి అరగంటయింది, మరో క్యాను రెండు గంటలు సైకిల్ మీద ఎండలో వచ్చింది. ఒకావిడ పొదుగు కడిగి, మొదటి ధారలు వదిలేసి, స్టీలు బిందెలో పితికింది. ఇంకొకరు దూడను విడిచి చేపగానే తడిచేత్తోనే పాత ప్లాస్టిక్ బకెట్‌లోకి పిండేశారు. యంత్రం చూసేది వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా మిగిలే ఘనపదార్థాలు). రెండూ సమానంగా ఉంటే ఇద్దరికీ ఒకే ధర. శుభ్రతకు దక్కేది సున్నా. ఐరోపా దేశాల్లో పచ్చిపాలలో బాక్టీరియా మిల్లీలీటరుకు లక్ష దాటకూడదన్న నిబంధన ఉంది, రైతుకిచ్చే ధర కూడా నాణ్యతతో ముడిపడి ఉంటుంది. మన సమాఖ్యలు, ప్రైవేటు డెయిరీలు లీటరుకు రూపాయో రెండు రూపాయలో శుభ్రతకు కలిపి ఇస్తే, ప్రచారంతో అయ్యేదానికంటే ఎక్కువ మార్పు వస్తుందని నా నమ్మకం.

అంతదాకా ఇంట్లో చేయాల్సింది సులువే. విడిగా కొన్న పాలు ఎవరివైనా, ఎంత ఖరీదైనవైనా పొంగు వచ్చేదాకా కాచండి. గర్భిణులకు, పసివారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి గుమ్మపాలు ఇవ్వకండి. ప్యాకెట్ పాలకు విడిగా కాచే పని లేదని శాస్త్రం చెప్పినా, తెల్లవారుజాము నుంచి ఫుట్‌పాత్ మీద క్రేట్లలో వేడెక్కిన ప్యాకెట్లు మన వీధుల్లో మామూలే కాబట్టి వాటినీ కాచడమే క్షేమం. సీసా పాలు తెప్పించుకుంటుంటే ఆ డెయిరీని మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: మందకు బ్రుసెల్లోసిస్, క్షయ పరీక్షలు ఎప్పుడు చేయించారు, దాణాలో అఫ్లటాక్సిన్ ఎంతుంది, సూది వేసిన పశువు పాలు ఎన్నాళ్లు పక్కన పెడుతున్నారు. జవాబు చెప్పలేని డెయిరీకి ఎక్కువ ధర ఇవ్వకండి.