కేసు బరువెక్కే కొద్దీ కోర్టు దూరం

పొద్దున్నే మదనపల్లె బస్టాండులో దిగే జనాన్ని ఒకసారి చూడండి. చంకలో ప్లాస్టిక్ కవరు. కవర్లో పాత పాస్‌బుక్కు, నాలుగు జిరాక్సు కాగితాలు. ఆ మనిషి ఎక్కడికి పోతున్నాడో అడగక్కర్లేదు. కోర్టు వాయిదాకు. సాయంత్రం అదే మనిషి అదే కవరుతో మళ్ళీ బస్సెక్కుతాడు. ఏమైందన్నా అంటే ఒకటే మాట: "ఇంగో తేదీ ఇచ్చినారు."

మేమూ ఆ బస్సెక్కిన వాళ్ళమే. ఉద్యమంలో రోడ్డు మీద కూర్చున్నందుకు పెట్టిన కేసులో ఏళ్ళ తరబడి ఒక కోర్టు మెట్లెక్కి దిగాం. బంట్రోతు పేరు పిలిస్తే లోపలికి పోయి నిలబడటం, తేదీ రాసుకుని బయటికి రావడం. ఇప్పుడు ఆ తేదీ ఫోన్లోనే కనిపిస్తోంది. మనిషి మాత్రం పోక తప్పదు. ఆ బెంచీల మీద కూర్చుని మేం నేర్చుకున్నది ఒక్కటే. మన కోర్టులు కేసు బరువును బట్టి పంచి పెట్టినవి. మనిషి నడిచే దూరం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

నంబరు ముందున్న అక్షరాలు

మీ ఇంట్లో కేసు కాగితం ఉంటే నంబరు ముందున్న అక్షరాలు చూడండి. ఓ.ఎస్. అని ఉంటే సివిల్ దావా. భాగాల పంపకం, ఇంజంక్షన్, ప్రోనోటు బాకీ ఇందులోకి వస్తాయి. 1972 నాటి సివిల్ కోర్టుల చట్టం ప్రకారం దావా విలువను బట్టి మెట్టు మారుతుంది. మొదటి మెట్టు జూనియర్ సివిల్ జడ్జి. మన పెద్దలకు అది ఇప్పటికీ మున్సిఫ్ కోర్టే. ఆ పైది సీనియర్ సివిల్ జడ్జి, అంటే సబ్ కోర్టు. ఆ పైన జిల్లా కోర్టు. కింది తీర్పు మీద అప్పీలు వేస్తే అది ఎ.ఎస్. అవుతుంది. దావా గెలిచినా పని సగమే అయినట్టు. అవతలివాడు భూమి వదలకపోతే దాన్ని చేతికి తెచ్చుకోవడానికి ఇ.పి. వెయ్యాలి. దానికి మళ్ళీ వాయిదాలు.

సి.సి. అని ఉంటే మేజిస్ట్రేట్ వినే క్రిమినల్ కేసు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ మూడేళ్ళకు మించి జైలు వెయ్యలేడు. హత్య వంటి కేసైతే పి.ఆర్.సి. నంబరు పడుతుంది. దాన్ని విచారించే అధికారం మేజిస్ట్రేట్‌కు లేదు. ముద్దాయికి కాగితాలిచ్చి సెషన్స్‌కు పంపాలి. అక్కడ అది ఎస్.సి. నంబరు అవుతుంది. జిల్లా సెషన్స్ జడ్జి కొన్ని తన దగ్గర ఉంచుకుని మిగిలినవి అదనపు జడ్జీలకు అప్పగిస్తాడు. ఉరిశిక్ష వేస్తే హైకోర్టు ఖరారు చెయ్యాలి.

తహసీల్దారు, ఆర్డీవో ఈ నిచ్చెనలో లేరు. వాళ్ళు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లు. మన ఉద్యమకారులకు బాగా తెలిసిన 144 సెక్షను, 107 కింద బైండోవరు వాళ్ళ చేతిలోవి. 2024 జూలై 1న కొత్త చట్టం వచ్చాక అవే 163, 126 అయ్యాయి. నంబరు మారింది గానీ సభ పెట్టుకుంటామంటే వచ్చే నోటీసు మారలేదు.

ఇంకో సంగతి. చిన్న ఊళ్ళలో సివిల్ జడ్జి, మేజిస్ట్రేట్ తరచుగా ఒకే మనిషి. భూమి తగాదా విన్న జడ్జే కొట్లాట కేసూ వినాలి, రిమాండుకు తెచ్చిన ముద్దాయినీ చూడాలి. ఆ ఒక్క జడ్జికి బదిలీ అయితే రెండు కోర్టులు ఒకేసారి ఆగుతాయి. పక్క ఊరి జడ్జికి ఇన్‌చార్జి ఇస్తే ఆయన వచ్చేది అత్యవసరం చూడటానికి. మనకు దక్కేది ఇంకో తేదీ.

మూడు ఊళ్ళు, మూడు దూరాలు

మదనపల్లెలో అదనపు జిల్లా కోర్టు ఉంది. ఊరి వాళ్ళకు అది అదృష్టమే. పుంగనూరు నుంచి మదనపల్లె ఇరవై కిలోమీటర్ల లెక్క. పెద్ద కోర్టులో పనిపడినా పొద్దున పోయి మాపటికి ఇల్లు చేరొచ్చు. కుప్పం సంగతి అది కాదు. మూడు రాష్ట్రాలు కలిసే మూల అది. చిత్తూరుకు రోడ్డున వంద కిలోమీటర్ల పైనే. రైల్లో పోవాలంటే తమిళనాడులోకి దిగి జోలార్‌పేట, కాట్పాడి చుట్టి రావాలి. మన జిల్లా కోర్టుకు పోవడానికి పక్క రాష్ట్రం దాటాలి! కుప్పంలో జరిగిన హత్య కేసు దశాబ్దాల పాటు చిత్తూరు దారే పట్టింది. కళ్ళారా చూసిన సాక్షి కూలి పని మానుకుని అంత దూరం ఎన్నిసార్లు పోతాడు? మూడోసారికి "నాకేం గుర్తు లేదు సార్" అంటాడు. సాక్షి ఎదురు తిరిగాడని కాగితంలో రాస్తారు. బస్సు చార్జీ అయిపోయిందని ఎవరూ రాయరు. 1989 నుంచి చంద్రబాబు నాయుడు గెలుస్తూ వచ్చిన నియోజకవర్గం పరిస్థితే ఇది. ఇక అడిగే నాథుడు లేని మండలాల మాట చెప్పాలా?

2022 ఏప్రిల్ 4న జిల్లాలను ఇరవై ఆరు చేసినప్పుడు మదనపల్లెను అన్నమయ్య జిల్లాలో వేశారు. కలెక్టరు, ఎస్పీ రాయచోటికి పోయారు. కోర్టుల గీత మాత్రం అప్పుడు కదల్లేదు. మదనపల్లె కోర్టులు చిత్తూరు జిల్లా జడ్జి కిందే ఉండిపోయాయి. అర్జీ ఒక దిక్కు, అప్పీలు ఇంకో దిక్కు. జిల్లా గీతలు గీసేటప్పుడు కోర్టుకు పోయే మనిషిని ఎవరు తలచుకున్నారు?

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్ళు కాలిపోయాయి. దాని మీద రాజకీయ నాయకులు తిట్టుకున్నది చాలా విన్నాం. మేం అడిగేది వేరు. కాలిపోయే ప్రతి రెవెన్యూ కాగితం ఏదో ఒక ఓ.ఎస్. కేసులో ఒక రైతుకు సాక్ష్యం కాగలదు. ఆ రైతు రేపు జడ్జి ముందు ఏం చూపిస్తాడు?

కోర్టులు వేగంగా పని చెయ్యలేవని కాదు. 2019 నవంబరులో మదనపల్లె దగ్గర అంగళ్ళులో పెళ్ళికి వచ్చిన చిన్నపాపను బలిగొన్న కేసులో చిత్తూరు కోర్టు 2020 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. నాలుగు నెలలు కూడా పట్టలేదు. అన్ని కేసులనూ అలా పరుగెత్తించమని మేం అనడం లేదు. పోలీసులు, ప్రాసిక్యూటరు, కోర్టు ఒకేసారి కదిలితే ఏమవుతుందో అది చూపించింది. రాష్ట్రమంతా చూస్తున్న కేసుకు దొరికిన ఆ కదలిక, ఎవరూ చూడని కేసుకు ఎందుకు దొరకదు?

ఉద్యోగులకూ ఇదే గతి

కార్మికుడికి లేబర్ కోర్టు అనంతపురంలో. ఏసీబీ కేసుల్లో చిత్తూరు జిల్లా ఉద్యోగులను నెల్లూరు కోర్టుకు తీసుకుపోయారని ఏళ్ళుగా పత్రికల్లో చదువుతున్నాం. అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ పోయాక సీనియారిటీ, ప్రమోషన్ గొడవలకు నేరుగా హైకోర్టే గతి. ప్రజాప్రతినిధుల కేసులకు 2018లో విజయవాడలో ప్రత్యేక కోర్టు పెట్టారు. ధర్నాలో మొదటి ముద్దాయి ఎమ్మెల్యే అయితే ఆయన కారులో పోతాడు. పన్నెండో ముద్దాయిగా ఉన్న డిగ్రీ కుర్రాడు ఎవరి డబ్బుతో పోవాలి?

మనకూ చేదు మాట

1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో మన పెద్దలకు రాజధాని, హైకోర్టుల మీద మాట ఇచ్చారు. 1953లో రాజధాని కర్నూలుకు వచ్చింది. 1954లో హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956లో రెండూ హైదరాబాదుకు పోయాయి. 2019 జనవరి 1న హైకోర్టు అమరావతికి చేరింది. 2024 నవంబరులో కర్నూలులో బెంచి పెట్టాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. బెంచి రావాల్సిందే. అందులో రెండో మాట లేదు.

కానీ ఒక్క నిజం మనకు మనం చెప్పుకోవాలి. కుప్పం నుంచి కర్నూలు కూడా దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. హైకోర్టు ముఖం చూసేది కొద్దిమంది. మున్సిఫ్ కోర్టు మెట్లు అరిగేది మనందరి చెప్పుల కింద. హైకోర్టు అంటే చప్పట్లు కొట్టే మనం సబ్ కోర్టు ఎక్కడుందని ఏ సభలోనూ అడగలేదు. మేమూ అడగలేదు. రేపు సొంత రాష్ట్రం వచ్చినా కుప్పం మనిషి ఇట్లే తిరగాల్సి వస్తే, వచ్చింది ఎవరి రాష్ట్రం?

ఎవరిని అడగాలో కూడా తెలుసుకోవాలి. కొత్త కోర్టు, పోస్టులు, బిల్డింగు, డబ్బు ప్రభుత్వం చేతిలోవి. కింది జడ్జీల పోస్టింగు, బదిలీ రాజ్యాంగం 235వ అధికరణ ప్రకారం హైకోర్టు చేతిలోవి. సెషన్స్ కోర్టు ఎక్కడ కూర్చోవాలో నోటిఫై చేసేది హైకోర్టే. ఒకరి మీద ఒకరు నెట్టుకోకుండా రెండు చోట్లా అర్జీ పడాలి.

మేం అడిగేవి నాలుగే. సెషన్స్ కేసులు కుప్పంలోనే వినాలి. పూర్తి కోర్టు ఇవ్వలేకపోతే నెలలో కొన్ని రోజులైనా అక్కడ కూర్చోవాలి. చిన్న ఊళ్ళలో సివిల్ జడ్జిని, మేజిస్ట్రేట్‌ను వేరు చెయ్యాలి. జిల్లా గీత మారిస్తే కోర్టు గీత కూడా దానితో పాటు మార్చాలి. లేబర్ కోర్టు మన వైపు క్యాంపు పెట్టాలి.

అంతదాకా ఒక్క పని మన చేతిలో ఉంది. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, జైల్లో ఉన్న వాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టం చెబుతోంది. కోర్టు ఆవరణలోనే ఆ కమిటీ ఉంటుంది. విద్యార్థి మిత్రులారా, మీ ఊళ్ళో ప్లాస్టిక్ కవరు పట్టుకుని బస్సెక్కే అవ్వకు ఆ మాట చెప్పండి. వీలైతే ఒక వాయిదాకు తోడు పోండి. నంబరు ముందున్న అక్షరాలు ఆమెకు చదివి చెప్పండి. మన ఉద్యమం అక్కడినుంచీ నడవాలి.