జూమ్ లేని లెన్సే మంచిది

ఫొటోల మీద నా అభిప్రాయం రాస్తున్నాను.

నిరుడు శ్రావణంలో తీజ్ పండుగకు మా తండాకు ఒకాయన వచ్చిండు. పొడుగు జూమ్ లెన్సుతో చింతచెట్టు కాడి నుండే మా యాడిని ఫొటో తీసిండు. అడగలేదు. యాడి చూసేసరికే బండెక్కి పోయిండు. ఆ ఫొటో ఎక్కడుందో, ఏమని రాసి పెట్టిండ్రో!

మర్నాడు రాత్రి మా వరుసకు అన్న వచ్చిండు. హాలియాలో పెండ్లి ఫొటోలు తీస్తడు. ఆయనది 24 ఎం.ఎం. లెన్సు, జూమ్ లేదు. మనిషి పెద్దగా కనపడాలంటే తానే దగ్గరకి నడిచి రావాలి. అంత దగ్గరకి వచ్చినోడు పలకరించకుండా ఎట్ల ఉంటడు? "తీయనా కాకీ?" అని అడిగిండు. యాడి కొంగు సర్దుకొని నవ్వింది.

ఆ లెన్సు ఎఫ్ 1.4 దాకా తెరుచుకుంటది. 3.5 దాకే తెరుచుకునే మామూలు లెన్సు కన్నా ఆరు రెట్ల వెలుతురు లోపలికి పోతది. అందుకే ఫ్లాష్ కొట్టకుండా పొయ్యి మంట వెలుగులోనే తీసిండు. వెడల్పు లెన్సు కాబట్టి చిన్న ఇంట్లో కూడా యాడి, పొయ్యి, మేము తొమ్మిది రోజులు నీళ్ళు పోసిన గోధుమ మొలకల బుట్టలు, అన్నీ వచ్చినయి. లోపం లేదనను. అంచున కూర్చున్న దాది ముఖం సాగింది. ఇప్పటికీ తిడుతది!

వార్డెన్ మేడమ్ గారికి మనవి. మన హాస్టల్ ఫొటోలు తీయడానికి వచ్చేవాళ్ళను గేటు కాడి నుండి తీయనియ్యకండి. లోపలికి పిలవండి. మమ్మల్ని అడగమనండి. వద్దంటే ఆగాలి. తీసిన ఫొటో ఒకటి ఈ గోడకు అతికించాలి.

– 9వ తరగతి విద్యార్థిని