ఓటు వేసేలోపే అయిపోయిన ఎన్నిక

ఆన్‌సైట్ పని మీద చికాగోలో ఉన్న రోజుల్లో మా టీములో ఒక సీనియర్ ఉండేవాడు. సిటిజెన్‌షిప్ వచ్చి చాలా ఏళ్ళయింది. మేమంతా "అన్నా" అనే పిలిచేవాళ్ళం. ఒబామా పేరెత్తితే చాలు, గంటసేపు ఆగకుండా మాట్లాడేవాడు. 2008 నవంబర్ 4 రాత్రి గ్రాంట్ పార్కులో జనం మధ్య నిలబడి గెలుపు ప్రసంగం విన్నానని గర్వంగా చెప్పుకునేవాడు. ఒకరోజు లంచ్ దగ్గర ఊరికే అడిగాను.

"అన్నా, మీ స్టేట్ సెనేటర్ ఎవరు?"

"డర్బిన్ కదా!"

"ఆయన వాషింగ్టన్‌లో ఉండే సెనేటర్ అన్నా. నేనడిగేది మన రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కూర్చునే సెనేటర్ గురించి."

"అదెవరికి తెలుస్తుంది తమ్ముడూ! అయినా వాళ్ళేం చేస్తార్లే."

తమాషా ఏంటంటే, అన్న అంతగా అభిమానించే ఒబామా జీవితంలో గెలిచిన మొదటి ఎన్నిక ఆ "ఎవరికీ తెలియని" పదవికే. ఇల్లినాయ్ స్టేట్ సెనేట్, 13వ డిస్ట్రిక్టు. ఆ సీటు చరిత్ర అప్పటికి కొంచెం చదివి ఉన్నాను, తర్వాత ఇంకా చదివాను. చదివేకొద్దీ నాకు తేలిందొకటే. ఎన్నిక ఫలితం పోలింగు రోజున తేలుతుందని మనం అనుకుంటాం. ఈ సీటు విషయంలో అసలు నిర్ణయాలన్నీ అంతకు చాలాముందే, జనం చూడని చోట్ల జరిగిపోయాయి.

ముందు బేసిక్స్. ఇల్లినాయ్ సెనేట్‌లో 59 సీట్లు, హౌస్‌లో 118. ఒక్కో సెనేట్ డిస్ట్రిక్టులో రెండు హౌస్ డిస్ట్రిక్టులు, లెక్క సరిపోయింది కదా. 2000 జనాభా లెక్కల ప్రకారం ఒక్కో సెనేటరుకి సుమారు 2 లక్షల 10 వేల మంది జనం. మన ఎమ్మెల్యే నియోజకవర్గం కంటే కాస్త చిన్నది అనుకోండి. 13వ డిస్ట్రిక్టు దక్షిణ చికాగోలో, మిచిగన్ సరస్సు పక్కన ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ చికాగో ఉన్న హైడ్ పార్కు అందులోదే. నల్లజాతి ఓటర్లు ఎక్కువ, డెమొక్రాట్ల కంచుకోట. నవంబర్‌లో అక్కడ రిపబ్లికన్ గెలిచే ప్రశ్నే లేదు. కాబట్టి పోటీ అంటూ ఉంటే అది మార్చిలో జరిగే డెమొక్రాటిక్ ప్రైమరీలోనే ఉండాలి.

మరి ఉందా? చూద్దాం.

1991లో అప్పటి సెనేటర్ రిచర్డ్ న్యూహౌస్ అనారోగ్యంతో తప్పుకున్నాడు. మన దగ్గర అయితే ఉప ఎన్నిక పెడతారు. ఇల్లినాయ్‌లో ఆ పద్ధతి లేదు. ఖాళీ చేసినవాడు ఏ పార్టీ వాడైతే ఆ పార్టీ వార్డు కమిటీమెన్ కూర్చుని ఇంకొకరిని నియమిస్తారు. అలా ఆలిస్ పామర్ వచ్చింది. 1995లో ఈ ప్రాంతపు కాంగ్రెస్ సీటు ఖాళీ అయితే ఆమె దానికి పోటీ చెయ్యాలనుకుంది. నా సెనేట్ సీటుకి ఒబామా సరైనవాడు అని తనే జనానికి పరిచయం చేసింది కూడా. కానీ 1995 నవంబర్‌లో జరిగిన ప్రైమరీలో జెస్సీ జాక్సన్ జూనియర్ గెలిచాడు, పామర్ మూడో స్థానంలో మిగిలింది. అప్పుడు ఆమె మనసు మార్చుకుని పాత సీటే కావాలంది. నువ్వు తప్పుకో అని పెద్దలు కొందరు ఒబామాకి చెప్పి చూశారు. ఆయన ఒప్పుకోలేదు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ప్రైమరీ బ్యాలెట్ మీద పేరు రావాలంటే ఆ డిస్ట్రిక్టులో రిజిస్టరైన ఓటర్ల సంతకాలు 757 కావాలి. పామర్ మనుషులు హడావిడిగా తిరిగి 1,580 పోగేసి, 1995 డిసెంబర్‌లో ఆఖరి గడువుకి దాఖలు చేశారు. రెట్టింపు ఉన్నాయి కదా, చాలు అనుకున్నారు.

ఒబామా మనుషులు ఎన్నికల బోర్డు ఆఫీసులో కూర్చుని ఒక్కో సంతకాన్నీ ఓటర్ల జాబితాతో పోల్చి చూశారు. ఈ అడ్రసులో ఈ ఓటరు లేడు, కొట్టెయ్. ఇది డిస్ట్రిక్టు బయట, కొట్టెయ్. కలిపి రాయాల్సిన సంతకం విడి అక్షరాల్లో ఉంది, కొట్టెయ్. ఇన్‌పుట్ వ్యాలిడేషన్ రాసిన ప్రతివాడికీ ఈ పని తెలుసు. పైగా దానికి కొంచెం ముందే ఓటర్ల జాబితాను శుభ్రం చేసే పనిలో ఈ ఒక్క డిస్ట్రిక్టులోనే 15 వేలకు పైగా పేర్లు తీసేశారు. అంటే సంతకం పెట్టినవాడికి తన పేరు జాబితాలో లేదన్న సంగతే తెలియకపోవచ్చు. చివరికి పామర్ సంతకాలు 757కి చాల్లేదు, ఆమె తప్పుకుంది. మిగతా ముగ్గురు ప్రత్యర్థుల గతీ అంతే. గైస్ అస్కియా 1,899 సంతకాలు తెచ్చి 69 తక్కువై పోయాడు. మార్క్ ఎవెల్ 86 తక్కువై పోయాడు. నాలుగో అతని పేరు కూడా బ్యాలెట్ మీద నుంచి పోయింది. 1996 మార్చి ప్రైమరీలో మిగిలిన పేరు ఒక్కటే... ఒబామా. నవంబర్‌లో 82 శాతం ఓట్లతో గెలిచాడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఇది మోసం కాదు. రూల్సు ముందునుంచీ ఉన్నాయి, అందరికీ ఒకటే, చికాగోలో ఈ విద్య కొత్తా కాదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంది పామరే, సంతకాలు నిర్లక్ష్యంగా పోగేసింది కూడా ఆమె మనుషులే. ఒబామా వాదన కూడా ఇదే, రూల్సు పాటించమనడం తప్పెలా అవుతుందని. నేను ఒప్పుకుంటాను. కానీ ఓటరు వైపు నుంచి చూడండి. ఐదుగురిలో ఒకరిని ఎంచుకోవాల్సిన ఎన్నిక అది. బూత్‌కి వెళ్ళేసరికి ఒక్కడే ఉన్నాడు. తప్పు ఎవరిదైనా, నష్టపోయింది ఓటరే.

ఇక రెండో తెర వెనక పని, గీతలు గీయడం. ఇల్లినాయ్‌లో పదేళ్ళకోసారి నియోజకవర్గాల మ్యాపు మార్చేది శాసనసభే. అక్కడ కుదరకపోతే రెండు పార్టీల నుంచీ చెరి నలుగురితో కమిషన్ వేస్తారు. అదీ తెగకపోతే? చీటీ తీస్తారు! నిజంగానే. సెక్రటరీ ఆఫ్ స్టేట్ లాటరీలో ఒక పేరు తీస్తే, ఆ వచ్చిన పార్టీకి తొమ్మిదో సభ్యుడు, అంటే మెజారిటీ దొరుకుతుంది. ఈ రూలు 1970 రాజ్యాంగంలో పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే. లాటరీ అంటే భయపడి రెండు పక్షాలూ రాజీకి వస్తాయనుకున్నారు. డెడ్‌లాక్ రాకుండా రాసిన కోడు ఇది. కానీ 1981, 1991, 2001 మూడుసార్లూ లాటరీ దాకా వెళ్ళింది. సగం మ్యాపు కన్నా, మొత్తం మ్యాపు దక్కే 50 శాతం ఛాన్సే వాళ్ళకి నచ్చింది మరి. 1991లో రిపబ్లికన్ల చీటీ వచ్చింది, 1993 నుంచి పదేళ్ళు సెనేట్ వాళ్ళ చేతిలో ఉంది. 2001లో అబ్రహాం లింకన్ టోపీకి నమూనా టోపీలోంచి తీసిన చీటీ డెమొక్రాట్లది.

ఆ మ్యాపు గీసేటప్పుడు ఒబామా కూడా పార్టీ నిపుణుడి పక్కన, కంప్యూటర్ ముందు కూర్చుని తన డిస్ట్రిక్టు సరిహద్దులు చూసుకున్నాడు. బయటివాళ్ళకు ప్రవేశం లేని గది అది. అంతకుముందే, 2000లో కాంగ్రెస్ సీటుకి బాబీ రష్ మీద పోటీ చేసి 61 - 30 తేడాతో చిత్తుగా ఓడిపోయాడు. కొత్త మ్యాపులో ఆయన డిస్ట్రిక్టు పడమటి వైపు పేద వాడలు చాలావరకు వదిలేసి, సరస్సు ఒడ్డునే ఉత్తరానికి, డౌన్‌టౌన్ దాటి గోల్డ్ కోస్ట్ డబ్బున్న పేటల దాకా సాగింది. నల్లజాతి మెజారిటీ అలాగే ఉంది, కానీ చందాలివ్వగలిగినవాళ్ళు కొత్తగా వచ్చి చేరారు. 2004లో యూఎస్ సెనేట్‌కి పోటీ చెయ్యడానికి అది ఎంత పనికొచ్చిందో వేరే చెప్పాలా? 2002లో ఆయన మీద అసలు ఎవరూ నిలబడనే లేదు.

2004 నవంబర్‌లో ఒబామా యూఎస్ సెనేట్‌కి గెలిచి సీటు ఖాళీ చేస్తే, కమిటీ మళ్ళీ కూర్చుని క్వామే రావుల్‌ని నియమించింది. ఆయన రాష్ట్ర అటార్నీ జనరల్ అయ్యాక, 2019 జనవరిలో రాబర్ట్ పీటర్స్‌ని నియమించింది. ఒక్కసారి లెక్కపెట్టండి. పామర్, ఒబామా, రావుల్, పీటర్స్... వరసగా నలుగురు. ముగ్గురు నియామకంతో సీట్లోకి వచ్చారు. ఎన్నికలో వచ్చిన ఆ ఒక్కడికీ ప్రైమరీలో ప్రత్యర్థి లేడు. తర్వాత వీళ్ళంతా ఓటర్ల ముందుకు వెళ్ళారు నిజమే, కానీ సీట్లో ఉన్నవాడిగా వెళ్ళారు. తలుపు దగ్గర ఎవర్ని లోపలికి రానివ్వాలి అన్నది మాత్రం ఈ నలుగురి విషయంలో ఓటరు తేల్చలేదు.

"వచ్చినవాళ్ళంతా బాగానే పనిచేశారు కదా" అంటారా? నిజమే. సెనేట్ డెమొక్రాట్ల చేతికి వచ్చాక 2003లో ఒబామా పట్టుబట్టి తెచ్చిన చట్టం, హత్య కేసుల్లో పోలీసుల విచారణను రికార్డు చెయ్యాల్సిందే అంది. చట్టం చేసి ఆ పని తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం ఇల్లినాయే. కానీ మంచి ఔట్‌పుట్ వచ్చింది కాబట్టి ప్రాసెస్ బాగున్నట్టే అని ఏ ఇంజనీరూ ఒప్పుకోడు. టెస్టులు లేకుండా ప్రొడక్షన్‌కి వెళ్ళిన కోడు నాలుగుసార్లు పనిచేస్తే మనం దాన్ని అదృష్టం అంటాం, క్వాలిటీ అనం.

ఇక "వాళ్ళేం చేస్తార్లే" అన్న అన్న మాటకి నా జవాబు పే స్లిప్పులో ఉంది. 2017 జూలైలో ఇల్లినాయ్ శాసనసభ గవర్నర్ వీటోని కాదని రాష్ట్ర ఆదాయపు పన్ను 3.75 నుంచి 4.95 శాతానికి పెంచింది. ఆ ఓటు వేసింది డర్బిన్ కాదు, ఒబామా కాదు. పేరు తెలియని ఆ 59 మంది, హౌస్‌లోని 118 మంది. నాకక్కడ ఓటు లేదు, కానీ 4.95 మాత్రం నెలనెలా కట్ అయ్యేది. పిల్లల స్కూళ్ళకి రాష్ట్రం ఇచ్చే డబ్బు, స్టేట్ యూనివర్సిటీలకి ఇచ్చే నిధులు, అన్నీ అక్కడే తేలతాయి.

అందుకే అమెరికాలో ఓటున్న మన తెలుగువాళ్ళతో నాదొక మాట. నాలుగేళ్ళకోసారి ప్రెసిడెంట్ ఎన్నికల రాత్రి టీవీ ముందు కూర్చుని తెల్లవార్లూ మ్యాపుల రంగులు చూస్తాం. మంచిదే. కానీ ఇల్లినాయ్ లాంటి రాష్ట్రంలో ఆ ఓటు కంటే మార్చి ప్రైమరీ ఓటు ఎక్కువ పనిచేస్తుంది. ఎవరైనా సంతకం కోసం తలుపు తడితే విసుక్కోకుండా, జాబితాలో ఉన్న అడ్రసుతో సరిగ్గా సంతకం పెట్టండి. 69 సంతకాలు తక్కువై ఆగిపోయినవాడు ఉన్నాడని గుర్తుంచుకోండి. ఏడాదికోసారి జాబితాలో మీ పేరుందో లేదో చూసుకోండి. మ్యాపు మార్చేటప్పుడు జనం మాట వినడానికి సభలు పెడతారు, ఒక్కదానికైనా వెళ్ళండి.

అన్నకి ఈ కథంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అంటే నేను గ్రాంట్ పార్కుకి పన్నెండేళ్ళు లేటుగా వెళ్ళానన్నమాట" అన్నాడు చివరికి. ఆ సాయంత్రమే తన సెనేటర్ పేరు మెసేజ్ పెట్టాడు.

మీ సెనేటర్ ఎవరో మీకు తెలుసా? వెతక్కుండా చెప్పాలి సుమా!