నాలుగో తీగ

మొబైల్ హోమ్‌కు కరెంటు ఇచ్చేటప్పుడు పాటించాల్సిన షరతులు అమెరికాలోని నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 550వ ఆర్టికల్‌లో ఉన్నాయి. సర్వీసు, అంటే మెయిన్ స్విచ్ ఉండే పెట్టె, కనీసం 100 ఆంపియర్లది కావాలి. అది ఇంటి గోడకు కాక, ఇంటికి 30 అడుగుల లోపు, కంటికి ఆనేచోట విడిగా ఉండాలి. అక్కడి నుంచి లోపలి ప్యానెల్‌కు నాలుగు తీగలు వెళ్లాలి. 1976 జూన్ 15 తర్వాత ఫెడరల్ ప్రమాణాలతో తయారైన ఇళ్లకు మాత్రం కొన్ని షరతులపై సర్వీసును గోడకే బిగించే వెసులుబాటుంది. స్థలం కొని, ఇలాంటి ఇల్లు దించి అద్దెకిద్దామనుకునే పాఠకులకు ఇందులో ఎక్కువగా అనవసరమనిపించేది ఆ నాలుగో తీగ, అంటే ఎర్త్ తీగ. ప్రాణం నిలిపేదీ అదే.

మొబైల్ హోమ్ ఉక్కు చట్రం మీద నిలిచిన ఇల్లు. చాలావాటికి పైతొడుగూ రేకే. న్యూట్రల్ తీగలో కరెంటు మామూలు వాడకంలోనే పారుతుంటుంది. ఎర్త్ తీగలో లోపం తలెత్తినప్పుడే పారాలి. ఇంటి ప్యానెల్‌లో ఈ రెండింటినీ కలిపేస్తే, తిరిగి వెళ్లే కరెంటులో కొంత చట్రం గుండా దారి చూసుకుంటుంది. న్యూట్రల్ ఎక్కడైనా ఊడితే చట్రం, రేకు, ఇనుప మెట్లు అన్నీ షాక్ కొట్టే స్థితికి వస్తాయి. తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకున్న పిల్లవాడి ఒంటి గుండా కరెంటు నేలలోకి దిగుతుంది. అందుకే ఆ రెండూ బయటి సర్వీసు దగ్గర మాత్రమే కలవాలనీ, ఇంట్లో విడివిడిగా ఉండాలనీ కోడ్ పట్టుబడుతుంది.

ఎర్త్ రాడ్ దిగ్గొట్టాం కదా, చాలదా అని అడిగేవారుంటారు. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసిన ఎర్త్ గుంతను నమ్మి పెరిగిన మనకు ఈ ప్రశ్న సహజమే. కానీ లెక్క ఒప్పుకోదు. రాడ్ దగ్గర నేల నిరోధం 25 ఓములనుకుంటే, 120 వోల్టులకు పారేది 5 ఆంపియర్లు కూడా కాదు. 20 ఆంపియర్ల బ్రేకర్ దానికి కదలదు; రేకులో కరెంటు అలాగే ఉంటుంది. నాలుగో తీగ ఉంటే లోపం కరెంటు ఒక్కసారిగా పెద్ద మోతాదులో సర్వీసుకు తిరిగొచ్చి బ్రేకర్‌ను పడగొడుతుంది. రాడ్ పిడుగుల వేళ అవసరమే, కానీ ఈ పని దానిది కాదు.

ఇన్నేళ్లుగా మూడు తీగలతోనే నడుస్తోంది కదా అనేది ఇంకో వాదన. న్యూట్రల్ బాగున్నంతకాలం లోపం బయటపడదు. దీపాలు వెలుగుతాయి, ఏసీ తిరుగుతుంది. నడిచిందనేది భద్రతకు రుజువు కాదు. రాష్ట్రమో స్థానిక ప్రభుత్వమో ఆమోదిస్తేనే కోడ్ చట్టమవుతుందనీ, పాత ఏర్పాట్లను తిరగదోడమని సాధారణంగా ఎవరూ బలవంతపెట్టరనీ అంటారు. నిజమే. అయితే జరిమానా పడదన్నంత మాత్రాన అద్దెకున్నవారికి ప్రమాదం తప్పదు. ఖర్చా? కొత్తగా దించే ఇంటికైతే గోతి ఎలాగూ తవ్వాలి, పైపు ఎలాగూ వేయాలి; అదనంగా పడేది ఒక తీగ వెల.

ఇలాంటి ఇల్లు మీ పేర ఉంటే, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ప్యానెల్ తెరిపించండి. నాలుగు తీగలూ వస్తున్నాయా, న్యూట్రల్ విడిగా ఉందా, చట్రం ఎర్త్‌కు కలిసిందా చూపించమనండి. కొత్తగా ఎవరికైనా అద్దెకిచ్చే ముందే ఈ పని చేయించండి.