గండికోట లెక్క ఎవరి డబ్బుతో తేలాలి?

కడప జిల్లా గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. పెన్నా మీద కట్టినా, దీన్ని నింపేందుకు గాలేరు–నగరి పథకం కృష్ణా నీటినే నమ్ముకుంది. ఆయకట్టుకు ఆ నీళ్లు కావాలి. ఇక్కడే 1,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రానికి 2022లో రాష్ట్రం ఆమోదం తెలిపింది. ఇక్కడి కోటనూ లోయనూ చూడటానికి వచ్చే వారి వసతులకు కేంద్ర ప్రభుత్వం దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్లు ఈ జలాశయం నీటి కిందే పోయాయి. ఈ నీటిలో ఎవరి వాటా ఎంతో లెక్క తేల్చుకోవడానికి విద్యుత్ కంపెనీకి కన్సల్టెంట్లున్నారు, ప్రభుత్వ శాఖలకు ప్రాజెక్టు నివేదికలు (డీపీఆర్‌లు) రాసిపెట్టే సంస్థలున్నాయి. సొంతంగా ఒక జలనిపుణుణ్ని పెట్టుకుని తన వాటా తేల్చుకునే స్తోమత కొండాపురం రైతుకు ఎక్కడిది?

చట్టం ఆ రైతును ఆదుకుంటుందనుకుంటే నిరాశే. 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదికను ప్రాజెక్టు కట్టేవారే డబ్బిచ్చి రాయించుకుంటారు. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది గానీ, పర్యావరణ అధ్యయనం అవసరమైన సాగునీటి ప్రాజెక్టులకు మినహాయింపు ఇచ్చేసింది. ఊళ్లకు ఊళ్లను ముంచేవి ఆ ప్రాజెక్టులే! అందుకే రాయలసీమకు సొంత విధాన పరిశోధనా సంస్థ కావాలి. హైదరాబాద్‌లో 1980లో పుట్టిన సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ (సెస్) లాంటిది, కడపలోనో కర్నూలులోనో.

యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు ఉండగా మరొకటి ఎందుకని అడగవచ్చు. వాటి ఆవరణలోనే పెట్టవచ్చు. అయితే పరిశోధకుడి జీతం, నివేదిక విడుదల ప్రభుత్వం చేతిలో ఉండకూడదు. సర్కారు సొమ్ము తీసుకుని సర్కారును విమర్శించగలరా అన్నది అంతకన్నా గట్టి అభ్యంతరం. ఏటేటా బడ్జెట్ కోసం చేయి చాపాల్సి వస్తే కష్టమే. ఒకేసారి మూలనిధి ఇచ్చి, దాని వడ్డీతో నడపనిస్తే నిధులు ఆపేస్తారన్న భయం చాలావరకు తగ్గుతుంది. విదేశీ విరాళాలే దిక్కయితే ఏమవుతుందో ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ చూపించింది. 1973 నుంచి పనిచేస్తున్న ఆ సంస్థకు విదేశీ విరాళాలు తీసుకునేందుకున్న ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతిని కేంద్రం 2023లో సస్పెండ్ చేసి, 2024 జనవరిలో రద్దు చేసింది. ఉద్యోగుల్లో ఎక్కువమంది వెళ్లిపోవాల్సి వచ్చింది. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులు తీసుకోవడం తప్పు కాదు. కానీ గండికోట నీటితో కరెంటు తీసే కంపెనీ డబ్బుతో గండికోట నీటి లెక్క తేల్చకూడదు. ఎవరెంత ఇచ్చారో ప్రతి నివేదిక మొదటి పేజీలోనే అచ్చువేయాలి. ఆ నివేదికను తెలుగులో, అనుమతులు ఇవ్వకముందే, ముంపు గ్రామాల గ్రామసభల్లో చదివి వినిపించాలి.