నీటికి చెడే నీలము



క్రిస్మసు పండుగ వెళ్ళిన కొద్ది వారాలకు మా సంఘములోని ఒక పెద్దమ్మగారు చేతిరుమాలులో ఒక పతకము మూట కట్టుకొని మా ఇంటికి వచ్చారు. వస్తూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇంగ్లండులో ఉద్యోగము చేస్తున్న మనవరాలు పండుగకు వచ్చి, ప్రేమతో ఆమె మెడలో వేసి వెళ్ళిన పతకమది. వెండి చట్రము, పైన గాజు, గాజు కింద నెమలి కంఠమువలె మెరిసే నీలము, చుట్టూ నాలుగు ఊదారంగు రాళ్ళు.

ఒక పెళ్ళికి పెట్టుకొని వచ్చాక, బంగారు గొలుసును శుభ్రము చేసినట్లే దీనినీ కుంకుడుకాయ రసములో నానబెట్టి, బ్రష్షుతో తోమారట. తెల్లవారి చూస్తే రాళ్ళు తళతళలాడుతున్నాయి గాని, మధ్యలోని నీలము ఒక ప్రక్క పచ్చబారి మచ్చ కట్టింది. “సీతాకోకచిలుక పతకమని చెప్పింది గాని, అది డిజైను పేరనుకున్నానయ్యా. పిల్లకు ఏ మొహము పెట్టుకొని చెప్పేది? రెండు వారాలుగా ఫోనులో ఆ మాట ఎత్తడమే లేదు” అన్నారు.

అది డిజైను పేరు కాదు. నిజమైన సీతాకోకచిలుక రెక్కే. మధ్య, దక్షిణ అమెరికా అడవులలో మార్ఫో అనే పెద్ద నీలి సీతాకోకచిలుకలు ఉన్నాయి. 1920లలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పనివారు వాటి రెక్కలను కత్తిరించి, వెండి చట్రాలలో గాజు కింద అమర్చి నగలు చేసేవారు. గాజు లోపలి వైపు కొబ్బరిచెట్లు, తెరచాప పడవలు చిత్రించి, వెనుక రెక్క పెడితే ఆ నీలమే ఆకాశముగాను, సముద్రముగాను కనబడేది. ఆనాటి పాత రెక్కలను తీసి, రత్నాలు కలిపి చేతితో క్రొత్త నగలు కట్టేవారు నేటికీ ఉన్నారు.

మరి రాయి చెడక రెక్క ఎందుకు చెడింది? రాయి రంగు రాయిలోనే ఉంటుంది. కెంపు, నీలమణి రెండూ ఒకే జాతి రాళ్ళు. కొద్దిపాటి క్రోమియము కలిస్తే కెంపు ఎరుపు, ఇనుము, టైటానియము కలిస్తే నీలమణి నీలము. కడిగినా ఆ రంగు పోదు. మార్ఫో రెక్కలో అసలు నీలిరంగు పదార్థమే లేదు. రెక్కను పెంకులవలె కప్పిన సన్నని పొలుసుల మీద కంటికి కనబడని గట్లు, వాటిలో పొరలు, పొరల మధ్య గాలి ఉన్నాయి. వాటిపై పడిన వెలుగులో నీలము మాత్రమే బలముగా తిరిగి మన కంటికి వస్తుంది. నెమలి ఈక రంగు కూడా ఇటువంటిదే.

ఉత్త నీరు ఆ రెక్క మీద నిలువక జారిపోతుంది. కుంకుడు రసము సబ్బువంటిది గనుక సందులలోనికి పాకుతుంది. గాలి ఉండవలసిన చోట తడి చేరితే నీలము పచ్చబారుతుంది. బయట ఆరితే రంగు తిరిగి రావచ్చు. గాజు కింద చిక్కిన తడి త్వరగా ఆరదు. బూజు పడుతుంది, పొలుసులు రాలుతాయి. రాలిన పొలుసు మరల మొలవదు.

పట్టణములోని కంసాలికి చూపించాము. “రాళ్ళకు ఏమీ కాలేదండీ. గాజు ఊడదీస్తే మాత్రము రెక్క పొడి అయిపోతుంది, నేను ముట్టుకోను” అన్నాడు.

మీ ఇంటికి ఇటువంటి నగ వస్తే నీటిలో ముంచకండి. పొడి మెత్తని గుడ్డతో పైపైన తుడవండి. స్నానానికి, వంటకు ముందు తీసివేయండి. ఎండ తగలని పెట్టెలో ఉంచండి. కొనేవారు రెక్క ఎక్కడిదో అడిగి కొనండి. పాత నగను జాగ్రత్త చేయడము వేరు, దానిని చూసి ముచ్చటపడి క్రొత్తగా ప్రాణాలు తీయడము వేరు. రెక్కలు వచ్చాక మార్ఫో బ్రదికేది కొన్ని వారాలే. మన దేశములోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అనేక జాతుల సీతాకోకచిలుకలను పట్టడము, అమ్మడము నేరము. పిల్లలకు ఈ మాట చెప్పండి.

ఇక పెద్దమ్మగారి సంగతి. ఆ సాయంత్రము మా ఎదుటనే మనవరాలికి ఫోను చేయించాము. జరిగినదంతా చెప్పి ఆమె మౌనముగా ఉండిపోయారు. అటునుండి వచ్చిన మాట మాకూ వినబడింది: “అమ్మమ్మా, కడగకూడదని చెప్పనిది నేను కదా! దానికోసమా ఇన్నాళ్ళు నాతో ముభావముగా ఉన్నావు?”

మొన్న ఆదివారము ఆమె మెడలో ఆ పతకము చూశాము. మచ్చ అలాగే ఉంది. ఎవరైనా అడిగితే, కుంకుడు రసము కథ మొదటినుండి చెబుతున్నారు.